వేడి, ధాతువు, పేరు

తెలుగులో సెక్సు గురించి ఎక్కువమంది చదివిన రచన ఏదని అడిగితే చాలామంది చలం అంటారు. నేను గోడ అంటాను. ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు వైపు పోతూ కిటికీలోంచి చూడండి. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, హస్తప్రయోగం వల్ల కలిగిన నష్టం, గుప్తరోగాలు. కింద ఒక ఫోన్ నంబరు. ఫలానా వారం ఫలానా లాడ్జిలో డాక్టరుగారు దొరుకుతారన్న కబురు. ఇట్లాంటి ప్రకటనల్ని నిషేధిస్తూ డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954లోనే వచ్చింది. చట్టం వచ్చి డెబ్భై ఏళ్లు దాటింది, గోడకు మాత్రం రంగు ఆరలేదు.

ఈ వ్యాసంలో ఆ గోడరాతను ఒక రచనగానే చదవాలనుకుంటున్నాను. దాని పక్కన ఇంకో మూడు రకాల రాతలు పెడతాను: వారపత్రికలో డాక్టరు జవాబు, ఆడవాళ్లు కలిసి రాసుకున్న ఆరోగ్య పుస్తకం, పరిశోధకుల ప్రశ్నావళి. ఈ నాలుగూ ఎప్పుడో ఒకప్పుడు పెళ్లికాని పిల్లల చేతికి, అంటే పదిహేను నుంచి ఇరవై మధ్య వయసువాళ్ల చేతికి, చేరేవే. ఒంటి గురించి మనకున్న నమ్మకాలు పెళ్లికి ముందు మనం ఏం చేస్తామో, ఏం చేయమో ఎట్లా తేలుస్తాయి? ఆ సంగతి ఈ రాతల్లో దేనికి అర్థమైంది? నా ప్రశ్న ఇదే.

మా వైపు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆదోని పత్తి ఊరు. మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం దానికి దేశమంతా పేరు తెచ్చింది. పక్కనే కర్ణాటక. మాటలో సగం కన్నడం కలుస్తుంది. వాన పడని ఏడు కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెలు ఖాళీ అవుతాయి. మిరపకాయ కోతలకు గుంటూరు పోతారు, కట్టడం పనులకు బెంగళూరు పోతారు. పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోతారు, లేదా మూటతోపాటు పోతారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడిపోయి కర్నూలు జిల్లా చిన్నదైంది గానీ, ఈ పడమటి కర్నూలు బతుకులో పెద్ద మార్పేమీ రాలేదు.

ధాతువు

గోడరాత ఏ జబ్బునూ వివరించదు. చదివేవాడికి ఆ జబ్బు ముందే తెలుసన్నట్టు మాట్లాడుతుంది. ‘హస్తప్రయోగం వల్ల కలిగిన నష్టం’ అన్నప్పుడు నష్టం జరుగుతుందా లేదా అన్న ప్రశ్నకు చోటే లేదు. నష్టం ఖాయమైపోయింది, ఎంత అన్నదే తేలాలి. ఈ వాక్యం బలమంతా అక్కడే ఉంది.

వెనక ఒక పాత లెక్క ఉంది. అన్నం రసమై, రసం రక్తమై, మాంసం, మేదస్సు, ఎముక, మజ్జ దాటి చివరికి శుక్రమవుతుందని ఆయుర్వేదం సప్తధాతువుల వరస చెబుతుంది. చివరి మెట్టు కాబట్టి చాలా ఖరీదైనదన్నమాట. ఒక చుక్క పోతే ఇన్ని చుక్కల రక్తం పోయినట్టేనని జనం దానికి ధర కట్టారు. ఇది మన మూఢత్వం మాత్రమే అనుకోకండి. 1760లో స్విట్జర్లాండ్ వైద్యుడు టిసో ఫ్రెంచిలో రాసిన పుస్తకం దాదాపు ఇదే లెక్క చెప్పి యూరప్‌ను వందేళ్లకు పైగా భయపెట్టింది. మన దగ్గర ఈ భయంతో నీరసం, దడ, నిద్రలేమి అంటూ ఆసుపత్రికి వచ్చే మగపిల్లల్ని చూసి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దానికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు.

ఈ నమ్మకం తప్పయితే తప్పు గానీ, పిల్లల్ని కాస్త అదుపులో ఉంచుతుంది కదా అని పెద్దలు అనుకుంటారు. అది జరగదు. మగపిల్లలతో మాట్లాడిన డాక్టర్లూ పరిశోధకులూ మన దేశంలో ఎన్నోచోట్ల గమనించిన సంగతి వేరే ఉంది. చేత్తో పోగొట్టుకుంటే నష్టం, మనిషి దగ్గరికి పోతే అది సహజం, కాబట్టి నష్టం తక్కువ అన్న తర్కం ఒకటి. ఇంట్లో పెళ్లిమాటలు మొదలయ్యాక ‘నాలో ఏమన్నా మిగిలిందా’ అన్న అనుమానంతో ముందే ఒకసారి ‘చూసుకోవడం’ ఇంకొకటి. రెండింట్లోనూ పిల్లవాణ్ణి ఆ గది దాకా నడిపించింది కోరిక ఒక్కటే కాదు, ఆరోగ్యం గురించిన భయం కూడా. ఆ భయానికి కండోమ్‌తో పనిలేదు. వాడి లెక్కలో ప్రమాదం బయటినుంచి వచ్చేది కాదు, లోపల్నుంచి పోయేది.

అంటే మగపిల్లవాడి ఒళ్లు ఒక ఖాతా పుస్తకం. జమ, ఖర్చు, నిలవ. ఆ పుస్తకం వాడొక్కడే చూసుకుంటాడు, రాత్రిపూట, భయంభయంగా.

వేడి

ఆ గోడలమీద మాకు చోటు లేదు. ఆడపిల్ల జబ్బుకు గోడరాత ఉండదు, ఇంట్లో గుసగుస ఉంటుంది. ఆ గుసగుసలో ముఖ్యమైన మాట ‘వేడి’.

రాయలసీమలో వేడి అంటే ఉష్ణోగ్రత కాదు. కళ్లు మండితే వేడి, మొటిమలొస్తే వేడి, ఉచ్చ మంటెత్తితే వేడి, తెల్లబట్ట అయితే వేడి. గనేరియాకు తెలుగులో పాతపేరు ‘సెగ’, అదీ వేడే. కాబట్టి అంటుకున్న జబ్బుకూ, ఎండలో తిరిగినందుకు వచ్చిన మంటకూ ఒకటే మాట, ఒకటే మందు: మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్లు. మంట తగ్గినట్టనిపిస్తుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉండి ఇంకొకరికి పోతుంది.

ఆడపిల్ల విషయంలో వేడికి ఇంకో పని కూడా ఉంది. నెల రాకపోతే బొప్పాయి, నువ్వులు, బెల్లం. ‘రక్తం తక్కువై ఆగింది, వేడి వస్తువులు తింటే వచ్చేస్తుంది’ అన్నది అవ్వల వైద్యం. పెళ్లైన ఆడమనిషికి నెల ఆలస్యమైతే ఈ వైద్యం పెద్దగా చెడుపు చేయదు. పెళ్లికాని పద్దెనిమిదేళ్ల పిల్ల ఇదే వైద్యం గుట్టుగా చేసుకుంటే దానికి ఖరీదుంది. ఆ ఖరీదును వారాల్లో లెక్కపెట్టాలి. గర్భం రాకుండా ఆపే అత్యవసర మాత్ర 72 గంటల లోపల వేసుకోవాలి. గర్భం వచ్చాక డాక్టరు చూపులో మాత్రలతో పోగొట్టుకోవడానికి 9 వారాల వరకే వీలుంది. తర్వాత ఆసుపత్రిలో చేరాల్సిన పని. బొప్పాయి పదిరోజులు, నువ్వుల ఉండలు పదిరోజులు, ‘ఈసారి వస్తుందిలే’ అని ఇంకో నెల. ఆ నమ్మకం పిల్లను చంపదు గానీ ఆలస్యం చేయిస్తుంది. మిగతా పని ఆ ఆలస్యం చేస్తుంది. చివరికి మెడికల్ షాపులో పేరు చెప్పకుండా, ఎన్ని వారాలైందో ఎవరూ అడక్కుండా కొన్న మాత్రలు, ఆగని రక్తస్రావం.

వేడి అన్న మాటను అజ్ఞానం అని కొట్టేసేముందు ఒక్క నిమిషం ఆగాలి. ఆ మాట లేకపోతే ఆ పిల్ల అసలు నోరు తెరవగలదా? ‘నెల తప్పింది’ అనలేదు. తెలుగులో ఆ ‘తప్పడం’లోనే తప్పు కూచుని ఉంది. పెళ్లైనదానికి అది శుభవార్త, కానిదానికి నేరాంగీకారం. ‘చిన్నమ్మా, వేడి సేసినట్టుంది, ఈ నెల రాల్యా’ అనడం మాత్రం కుదురుతుంది. చిన్నమ్మకు అర్థమైనా అర్థం కానట్టు ఉండే వీలు కూడా ఆ మాటలో ఉంది. ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది.

‘తెల్లబట్ట’ కూడా అంతే. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్లబట్ట అవుతోందని చెప్పుకున్న ఆడవాళ్లలో ఆ ఫిర్యాదుకు ఇన్‌ఫెక్షన్ల కన్నా మనోవేదనతో, ఒంటి అలసటతో ఎక్కువ సంబంధం కనబడింది. చెప్పుకోలేని బాధను చెప్పడానికి ఒంట్లో దొరికిన మాట అది. మందులిచ్చి పంపిస్తే ఆ మాట వినబడనట్టే.

ఇంకొక తేడా ఉంది. మగపిల్లవాడి ఒళ్లు వాడొక్కడు చూసుకునే ఖాతా అన్నాను కదా, ఆడపిల్ల ఒళ్లు ఊరంతా చదివే కాగితం. నడక మారింది, నడుము పెరిగింది, మొహంలో కళ తేడాగా ఉంది అని ఊరు చదువుతుంది. ఒంటిని చూసి, పరీక్షించి కన్యత్వం తేల్చే పద్ధతి ఏదీ వైద్యంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు ఐక్యరాజ్యసమితి సంస్థలు 2018లో కలిసి ప్రకటించాయి. ఆ ప్రకటన ఎమ్మిగనూరు జాతరలో చెరుకుగడ కొంటున్న పిల్ల వెనక నడిచే చూపులకు చేరలేదు. తన భయం ఏదో పోతుందని కాదు, తనను ఎవరో చదివేస్తారని. అందుకే మగపిల్లవాడి నమ్మకం వాణ్ణి ‘చూసుకోవడానికి’ పంపిస్తే, ఆడపిల్ల నమ్మకం ఆమెను దాచుకోవడానికి పంపిస్తుంది. ఒకే సంఘటన తర్వాత ఇద్దరూ రెండు వేరే దారుల్లో పోతారు.

డాక్టరు జవాబు, ఆడవాళ్ల పుస్తకం

ఇప్పుడు పుస్తకాల దగ్గరికొద్దాం. గోడకు ఎదురు నిలబడి గట్టిగా మాట్లాడిన మొదటి గొంతుల్లో డాక్టర్ జి. సమరంది ముఖ్యమైనది. గోరా కొడుకు, నాస్తికుడు, విజయవాడ డాక్టరు. స్వాతి వారపత్రికలో ఆయన జవాబులు చదవని తెలుగు ఇల్లు చాలా తక్కువ. పత్రిక అమ్మకోసం ఇంటికొచ్చేది, ఆ పేజీ మాత్రం ఇంట్లో పిల్లలు కూడా చదివేవాళ్లు, ఎవరికీ తెలీకుండా. ఆ జవాబుల సారాంశం అందరికీ గుర్తే: ధాతునష్టమన్నది లేదు, హస్తప్రయోగం జబ్బు కాదు, మందులవాళ్ల మాట నమ్మకండి. ఎన్ని వేలమంది మగపిల్లలు ఆ జవాబు చదివి ఆ రాత్రి నిద్రపోయారో లెక్క లేదు. దాన్ని తక్కువ చేసే ధైర్యం నాకు లేదు.

కానీ ఆ ప్రక్రియకు ఒక హద్దుంది. ప్రశ్న ఒక మనిషిది, జవాబు శాస్త్రానిది. జవాబు రాగానే మనిషి వెళ్లిపోతాడు. నమ్మకం ఒక తప్పు సమాచారం అని, దాని స్థానంలో ఒప్పు సమాచారం పెడితే పని అయిపోతుందని ఆ ప్రక్రియ అనుకుంటుంది. మగపిల్లవాడి ఖాతా భయానికి అది సరిపోతుంది కూడా, ఎందుకంటే ఆ భయం వాడి తలలోనే ఉంది. తల మారితే భయం పోతుంది. ఆడపిల్ల భయం ఎదుటివాళ్ల కళ్లలో ఉంది. ఆమెకు ఒక్కదానికే నిజం తెలిస్తే సరిపోదు. ‘నడక చూసి ఏమీ తెలియదు’ అని ఆమె చదివినా, ఊరు చదవలేదు కదా.

ఈ సంగతి పట్టుకున్న పుస్తకం 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’. హైదరాబాదులో స్త్రీవాద ఉద్యమంలో పనిచేస్తున్న ఆడవాళ్లు కలిసి రాసుకున్న ఆరోగ్య పుస్తకం. అమెరికాలో 1970ల మొదట్లో బోస్టన్ ఆడవాళ్లు ఇలాగే తమ ఒంటి గురించి తామే ఒక పుస్తకం రాసుకున్నారు. ఆ దారిలోదే ఇదీ. పేరులోనే దాని పద్ధతి ఉంది. జవాబులతో కాదు, సందేహాలతో మొదలవుతుంది. నెలసరి, తెల్లబట్ట, గర్భనిరోధకాలు, గర్భస్రావం లాంటివన్నీ దాచే విషయాలుగా కాకుండా మాట్లాడుకునే విషయాలుగా వచ్చాయి. డాక్టరు దగ్గర ఆడమనిషి ఎందుకు నోరు విప్పదన్నది ఆమె లోపంగా కాక వైద్యం లోపంగా చూసిన పుస్తకం తెలుగులో నాకు తెలిసి ఇదే మొదటిది.

నా ఫిర్యాదు ఒకటే. ఆ పుస్తకం ముఖ్యంగా మాట్లాడేది ఆడవాళ్లతో, అదీ పదిమంది ఒకచోట కూచుని మాట్లాడుకోగలిగిన ఆడవాళ్లతో. పదహారేళ్ల పిల్ల ఎవరితో కూచుంటుంది? పత్తిచేల్లో పక్క సాలులో ఉన్నది మేనత్త. హాస్టల్లో పక్క మంచం పిల్లకు కూడా ఇదే భయం. పుస్తకం ఇచ్చే ధైర్యం గుంపులో పుడుతుంది. ఈ పిల్లకు ఇంకా గుంపు లేదు.

ప్రశ్నావళి

నాలుగో రచన ప్రశ్నావళి. దాన్ని రచన అనడం వింతగా ఉండొచ్చు గానీ, ప్రపంచమంతటా ఈ విషయం మీద ఎక్కువగా రాసినవాళ్లు వీళ్లే. పెళ్లికి ముందు కౌమారుల లైంగిక ప్రవర్తన గురించి వచ్చే పరిశోధనల్లో చాలావాటికి పునాది ‘హెల్త్ బిలీఫ్ మోడల్’. దాని పుట్టుక ఆసక్తిగా ఉంటుంది. 1950లలో అమెరికాలో క్షయ పరీక్ష కోసం ఎక్స్‌రే బండ్లు వీధిలోకే వచ్చేవి, అదీ ఉచితంగా. అయినా చాలామంది పోలేదు. ఎందుకు పోలేదో తెలుసుకోవాలని అక్కడి ప్రజారోగ్య శాఖలో హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు కూచుని ఆలోచించారు. ఆ జబ్బు నాకు వస్తుందనుకుంటున్నానా? వస్తే ఎంత ప్రమాదం? జాగ్రత్త పడితే లాభమెంత? అడ్డమేంటి? నన్ను కదిలించే సూచన ఏదన్నా ఉందా? 1988లో ఇంకొకటి చేర్చారు: ‘నేను చేయగలను’ అన్న నమ్మకం.

మంచి ఆలోచన ఇది. మనిషి చేయనిదానికి సోమరితనం కారణం అనకుండా, వాడి లెక్కేమిటో అడిగింది. కానీ అదే చట్రాన్ని మన పిల్లల ముందు పెట్టినప్పుడు భాషే మొదట అడ్డం పడుతుంది. ‘వివాహపూర్వ లైంగిక సంబంధం వల్ల లైంగిక వ్యాధులు సంక్రమించే అవకాశం ఉందని మీరు భావిస్తున్నారా? పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను…’ ఇట్లాంటి వాక్యం ఇస్తే మా వైపు పిల్ల ‘పూర్తిగా అంగీకరిస్తాను’ దగ్గర టిక్కు పెడుతుంది. పరీక్షలో జవాబు రాసినట్టు. మన పాత మాటలు కూడా సాయం చేయవు. ‘సుఖవ్యాధి’ అన్నది ఒకప్పటి మాట: సుఖపడ్డావు కాబట్టి వచ్చింది, అనుభవించు. ‘గుప్తరోగం’ ఇంకో మాట: దాచుకో. జబ్బు పేరే తీర్పు చెప్పేశాక ఇక ప్రశ్నావళి అడగడానికి మిగిలిందేముంది?

రెండో ఇబ్బంది ఇంకా లోతైనది. ఈ నమూనాలో ప్రమాదం అంటే జబ్బు లేదా గర్భం. ‘ఎవరికన్నా తెలిస్తే’ అన్నది అడ్డంకుల గడిలోకి పోతుంది. మా ఊళ్లో ఆ వరస తలకిందులు. ‘తెలియడమే’ జబ్బు. గర్భం, సెగ, రక్తస్రావం అన్నీ ఆ జబ్బు లక్షణాలు, బయటపెట్టేవి. ఈ తలకిందుల వరసలో చూస్తే పిల్లలు చేసే ప్రతి పనికీ అర్థముంది. కండోమ్ కొనకపోవడం తెలియక కాదు. షాపతను నాన్నకు తెలుసు. ఆసుపత్రికి పోకపోవడం నమ్మకం లేక కాదు. అక్కడ నర్సుది పక్కవీధి. వాళ్లు పూర్తిగా లెక్కప్రకారమే నడుస్తున్నారు. మనం వాళ్ల లెక్కలో దేన్ని ప్రాణంగా పెట్టుకున్నారో చూడలేదు, అంతే. అది పేరు.

పేరు

అప్పుడు గోడరాత మళ్లీ చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. దానిలో అబద్ధం కాని వాక్యం ఒక్కటుంటుంది, చివర్న: ‘వివరాలు రహస్యంగా ఉంచబడును.’ జనం పోయేది మందు మీద నమ్మకంతో కాదు, ఈ వాక్యం మీద నమ్మకంతో. లాడ్జి గది, తెలియని డాక్టరు, మళ్లీ కనబడని మొహం. మన మంచి పుస్తకాలన్నీ నిజం చెప్పాయి గానీ ఈ మాట ఇవ్వలేకపోయాయి.

ప్రభుత్వం ఇవ్వగలదా? 2014 జనవరి 7న రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ మొదలైంది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం విడిగా క్లినిక్కులు, తోటి పిల్లల్లోంచి సలహాదారులు అన్న ఆలోచన మంచిదే. కానీ 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు ఇద్దరూ ఇష్టపడి దగ్గరైనా అది నేరమే. ఆ సంగతి తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే డాక్టరుదీ నేరం. పిల్లల్ని హింసించేవాళ్ల నుంచి కాపాడటానికి వచ్చిన చట్టం అది, అవసరమైన చట్టం. కానీ పదిహేడేళ్ల పిల్ల వైపు నుంచి చూడండి. ‘ఆసుపత్రికి పోతే పోలీసులొస్తారు, ఊరందరికీ తెలుస్తుంది’ అన్నది మూఢనమ్మకమా? కాదు, సగానికి పైగా నిజమే. ఆరోగ్యం గురించిన నమ్మకాల్లో కొన్ని సరిగ్గా చదివిన వార్తలు కూడా.

2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ముడిని కొంత వదులు చేసింది. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరు, వివరాలు డాక్టరు బయటపెట్టక్కర్లేదని చెప్పింది. పెళ్లికాని ఆడవాళ్లకూ, పెళ్లైనవాళ్లకూ గర్భస్రావం హక్కులో తేడా చూపకూడదని కూడా అదే తీర్పు. అంటే లాడ్జి డాక్టరు గోడమీద రాసుకునే వాక్యాన్ని దేశంలో అత్యున్నత న్యాయస్థానం మొదటిసారి ఆసుపత్రి గోడమీద రాసుకోనిచ్చింది. ఇంత పెద్ద వార్త తెలుగులో ఒక్క కరపత్రంగానైనా మా ఊళ్లో పిల్లల చేతికి వచ్చినట్టు నేను చూడలేదు.

‘పెళ్లికి ముందు’ అంటే?

చివరగా ఈ చర్చ మొత్తం మోస్తున్న ఒక మాటను పట్టుకోవాలి: ‘పెళ్లికి ముందు’. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లైంది. 15–19 ఏళ్ల పిల్లల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులు, లేదా గర్భవతులు. వాళ్లలో ఎక్కువమంది తాళి కట్టించుకున్నవాళ్లే. పదహారేళ్ల గర్భసంచికి తాళి ఉందా లేదా తెలియదు. రక్తహీనత, కష్టకాన్పు అదే. అయినా ఒక పిల్లది ‘కౌమార లైంగిక ప్రవర్తన’, ఇంకో పిల్లది ‘సంసారం’.

ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ఆరోగ్య నమ్మకం ఇంకోటి ఉంది, దాన్ని ఏ ప్రశ్నావళీ అడగదు: పెళ్లే మందు. నెలనొప్పులా? పెళ్లైతే తగ్గిపోతాయి. మూర్ఛలా? పెళ్లి చేయండి. కొడుకు సరిగా ఉండటం లేదా? ఒక ముడి వేస్తే సర్దుకుంటాడు. సుగ్గికి పోవాలి, వయసుకొచ్చిన పిల్లను ఎవరి మీద వదిలిపోతాం? పెళ్లి. వలస, పేరు, ఆరోగ్యం మూడూ ఒకే మందుతో కుదిరిపోతాయి. ఈ మందుకు దుష్ప్రభావాలు రాసిన కాగితం పెట్టెలో ఉండదు.

ఈ ప్రాంతానికి దీనికన్నా పాతది, కఠినమైనది ఇంకొకటి తెలుసు. ఆదోని, ఆలూరు వైపు, కర్ణాటక సరిహద్దు పల్లెల్లో బసివి ఆచారం ఉండేది. ఇంట్లో ఎవరికన్నా తగ్గని జబ్బు చేస్తే, లేదా పిల్ల జుట్టు జడలు కడితే అమ్మవారు పిలిచిందని మొక్కు. ఆ మొక్కు కింద పిల్లకు పెళ్లి లేకుండా పోయేది, ఊరి మగవాళ్లకు ఆమె అందుబాటు అయ్యేది. 1988లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. ఆరోగ్య నమ్మకం పెళ్లికాని ఆడపిల్ల లైంగిక జీవితాన్ని నిర్ణయించడం అన్న మాటకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ నమ్మకం పిల్లది కాదు, పెద్దలది. ఒళ్లు మాత్రం పిల్లది. పిల్లల నమ్మకాల్ని సరిదిద్దాలని బయల్దేరే ప్రతి పుస్తకమూ ముందు పెద్దల నమ్మకాల పట్టిక రాసుకోవాలని నేననడం అందుకే.

ఇవన్నీ చదివాక నాకు కావలసిన పుస్తకం ఎట్లాంటిదో కొంచెం తెలిసింది. సమరం జవాబులోని ధైర్యం దానికి కావాలి. ‘సవాలక్ష సందేహాలు’లోని స్నేహం కావాలి. ఒంటరిగా చదువుకునే పిల్లకూ పిల్లవాడికీ ఎవరు ఏం అడుగుతారు, ఎవరు ఎవరికి చెప్పాలి, ఎవరు చెప్పక్కర్లేదు అన్నది సూటిగా చెప్పాలి. చట్టం ఎక్కడ కాపాడుతుందో, ఎక్కడ ఇరికిస్తుందో దాచకూడదు. ముఖ్యంగా అది వాళ్ల మాటలతో మొదలవ్వాలి: ధాతువు, వేడి, తెల్లబట్ట, ‘ఎవురికన్నా తెలిస్తే ఎట్లక్కా’.

పుస్తకం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఆశా కార్యకర్త, చిన్నమ్మ, మెడికల్ షాపులో కూచున్న మనిషి, హాస్టల్ వార్డెన్, ఎవరైనా చేయగలిగేదే. ‘వేడి సేసిందక్కా’ అని ఒక పిల్ల వచ్చి నిలబడినప్పుడు వేడి అనేది శాస్త్రం కాదని పాఠం చెప్పొద్దు. బొప్పాయి తిను పొమ్మనీ అనొద్దు. తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి, ఎన్ని రోజులైందమ్మా అని అడగాలి.